పీడీఎఫ్‌లో ప్రేమకు పట్టిన తెగులు

పే్రమ, సీ్త్ర, కి్రకెట్, పా్రర్థన.

ఈ నాలుగూ అచ్చుతప్పులు అనుకోకండి. తెలుగు పీడీఎఫ్‌లోంచి నాలుగు లైన్లు కాపీ చేసి వాట్సాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో అతికించినవాళ్లకు ఇలాంటివి ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడే ఉంటాయి. ఫైలు తెరిచి చూస్తే 'ప్రేమ' కుదురుగా ఉంటుంది. ప్రింటు తీస్తే ఇంకా బాగుంటుంది. కాపీ చేశామా, ఏత్వం ముందుకు దూకుతుంది, క్రావడి గాల్లో వేలాడుతుంది. ఇంకాస్త పాత ఫైలయితే ఈ మాత్రం అదృష్టం కూడా ఉండదు. తెలుగు మొత్తం మాయమై, నెత్తిన టోపీలూ చుక్కలూ పెట్టుకున్న యూరప్ అక్షరాల గుంపొకటి దిగుతుంది. మూడో రకం ఫైళ్లూ ఉన్నాయి. వాటిలో వేలు పెట్టి ఎంతసేపు నొక్కినా ఒక్క అక్షరం సెలెక్ట్ కాదు.

చూడటం, ప్రింటు తీయడం, కాపీ చేసుకోవడం మన లెక్కలో ఒకే ఫైలుతో చేసే మూడు పనులు. పీడీఎఫ్ లెక్క వేరు. మొదటి రెండు పనుల కోసమే దాన్ని పుట్టించారు. మూడోది దాని చేత బలవంతాన చేయిస్తున్నాం. ఆ బలవంతం ఇంగ్లీషులో పెద్దగా బయటపడదు, తెలుగులో దాచినా దాగదు.

ఎందుకో తెలియాలంటే ప్రింటర్ల కాలానికి వెళ్లాలి. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ కంపెనీకి ఒక పరిశోధన కేంద్రం ఉండేది. అక్కడ పనిచేసే జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ కలిసి, పేజీ ఎలా ఉండాలో ప్రింటరుకు చెప్పే ఒక కంప్యూటర్ భాషను తయారుచేశారు. దాన్ని బయటికి తేవడానికి కంపెనీ తాత్సారం చేస్తూ పోయింది. విసిగిపోయిన ఇద్దరూ 1982లో బయటికొచ్చి అడోబీ పెట్టారు. రెండేళ్లకు, 1984లో, వాళ్ల పోస్ట్‌స్క్రిప్ట్ భాష వచ్చింది. 1985లో దాన్ని అర్థం చేసుకునే యాపిల్ లేజర్ ప్రింటరు, అదే ఏడాది ఆల్డస్ కంపెనీవాళ్ల పేజ్‌మేకర్ వచ్చాయి. మన ఊళ్లలో డీటీపీ సెంటర్లు ఇవాళ్టికీ వదలని పేజ్‌మేకర్ అదే. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేసింది. 2001లో వచ్చిన 7.0 తర్వాత పేజ్‌మేకర్‌కు కొత్త వెర్షన్ లేదు. ఆ సంగతి మన పెళ్లిపత్రికలకూ కరపత్రాలకూ ఇంకా అందినట్టు లేదు.

పోస్ట్‌స్క్రిప్ట్‌లో ఒక చిక్కుండేది. అది పూర్తిస్థాయి ప్రోగ్రామింగ్ భాష కావడంతో, 50వ పేజీ ఎలా ఉంటుందో తెలియాలంటే అంతకుముందున్న 49 పేజీల ప్రోగ్రామునూ నడపాల్సి వచ్చేది. ప్రింటరుకు దీంతో బాధ లేదు, అది ఎలాగూ మొదటి నుంచీ కొట్టుకుంటూ వస్తుంది. తెరమీద చదివేవాడికే తంటా. 1991 ప్రాంతంలో వార్నాక్ 'కేమలాట్' పేరుతో ఒక ప్రతిపాదన రాశారు. ఏ కంప్యూటర్లో తయారైన కాగితమైనా, మరే కంప్యూటర్లో తెరిచినా, ఏ ప్రింటర్లో కొట్టినా ఒకేలా కనబడాలన్నది దాని సారం. పోస్ట్‌స్క్రిప్ట్‌లోంచి ప్రోగ్రామింగ్ భాగాన్ని పీకేసి, ఏ పేజీకి ఆ పేజీ విడిగా తెరుచుకునేలా మార్చి, 1993 జూన్‌లో పీడీఎఫ్‌ను విడుదల చేశారు. మొదట్లో దాన్ని చదివే సాఫ్ట్‌వేర్‌కు 50 డాలర్లు పెట్టాల్సి వచ్చేది. తర్వాత ఉచితం చేశారు, అప్పటినుంచే అది ఊపందుకుంది. 2008లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ చేతికి వెళ్లాక అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు.

అందరి చేతా 'ఒకేలా కనబడాలి' అన్న షరతు ఒప్పించుకున్న ఈ ఫైలు, 'ఏమని రాసుంది' అన్న ప్రశ్నను పెద్దగా పట్టించుకోలేదు. ఈ తిప్పలన్నిటికీ మూలం అక్కడుంది.

లోపల ఏముంది?

పీడీఎఫ్‌ను తెరిచే సాఫ్ట్‌వేర్ ముందుగా ఫైలు చివరికి వెళ్తుంది. అక్కడొక పట్టిక ఉంటుంది. ఫలానా పేజీ వివరాలు ఇన్నో బైటు దగ్గర, ఫలానా ఫాంటు ఇన్నో బైటు దగ్గర అని రాసి ఉంటుంది. దాన్ని పట్టుకుని కావలసిన పేజీకి సూటిగా దూకుతుంది. 800 పేజీల నిఘంటువు ఫోనులో చటుక్కున తెరుచుకోవడం ఈ ఏర్పాటు పుణ్యమే. డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోయిన ఫైలు 'పాడైంది' అని మొరాయించడం కూడా దీనివల్లే. ముప్పాతిక భాగం చేతిలో ఉన్నా తోక లేదు కదా.

పేజీ వివరాల్లో వాక్యాలు ఉండవు, ఆజ్ఞలు ఉంటాయి. తెలుగులో చెప్పుకుంటే ఇలా: ఫలానా ఫాంటు 12 పాయింట్ల సైజులో తీసుకో. కాగితం కింది ఎడమ మూల నుంచి 72 పాయింట్లు కుడికి, 700 పాయింట్లు పైకి వెళ్లు. అక్కడ ఆ ఫాంటులో 37వ ఆకారం వెయ్యి. తర్వాత 112వది వెయ్యి. కొంచెం జరుగు. 9వది వెయ్యి. ఇక్కడ పాయింటంటే అంగుళంలో 72వ వంతు. ఏ4 కాగితం ఈ కొలతలో దాదాపు 595 వెడల్పు, 842 పొడవు.

ఇందులో 'పేరా' ఎక్కడా లేదు. 'లైను' కూడా లేదు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ సైతం ఒక్కోసారి ఉండదు, తర్వాతి ఆకారాన్ని ఇంత దూరం జరిపి వెయ్యమన్న ఆజ్ఞ మాత్రమే ఉంటుంది. మనం కాపీ కొట్టినప్పుడు రీడర్ ఆ దూరాలు కొలిచి, ఇంత ఎడం ఉంది కాబట్టి ఇక్కడ మాట ముగిసి ఉంటుంది, ఇంత కిందికి దిగింది కాబట్టి ఇది కొత్త లైనై ఉంటుంది అని ఊహిస్తుంది. దినపత్రిక పేజీలోంచి కాపీ చేస్తే ఎడమ కాలమ్‌లోని హత్యకేసు మధ్యలో కుడి కాలమ్‌లోని మిర్చి ధర దూరిపోవడం ఈ ఊహ తప్పినందువల్ల. ఏ4 సైజు పీడీఎఫ్‌ను ఫోనులో చదివేటప్పుడు వేళ్లతో పెద్దది చేసుకుని లైను లైనుకూ అటూ ఇటూ జరుపుకునే అవస్థకూ మూలం ఇదే. ఎక్కడ లైను విరవచ్చో ఫైలుకే తెలియదు.

ఈ లోటు అడోబీకి తెలియక కాదు. 2001లో వచ్చిన 1.4 వెర్షన్ నుంచి 'ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక, చదివే వరస ఇది' అని ట్యాగులు తగిలించే వీలు కల్పించారు. వీలు కల్పించారంతే, తప్పనిసరి చేయలేదు. ఒక చిన్న విషయం ఇక్కడే చెప్పుకోవాలి. వర్డ్‌లో రాసుకున్న దాన్ని పీడీఎఫ్ చేయడానికి రెండు దారులున్నాయి. ప్రింటు బటన్ నొక్కి పీడీఎఫ్ ప్రింటరును ఎంచుకోవడం ఒకటి, 'సేవ్ యాజ్' లేదా 'ఎక్స్‌పోర్ట్' ద్వారా పీడీఎఫ్ చేయడం ఇంకొకటి. రెండిట్లోనూ కళ్లకు కనబడేది ఒకటే. మొదటి దారిలో మాత్రం శీర్షికల, పేరాల సమాచారం రాలిపోతుంది. రెండో దారిలో అది నిలిచే అవకాశం ఉంది. మనలో చాలామంది అలవాటుగా మొదటిదే నొక్కుతాం.

ప్రజలకేం కాదు

ఇప్పుడు అసలు చిక్కుముడి. పేజీలో ఉన్నవి ఆకారాల నంబర్లయితే, కాపీ చేసినప్పుడు అక్షరాలు ఎక్కణ్నుంచి వస్తున్నాయి?

ఫాంటుతో పాటు ఇంకో పట్టిక ఇచ్చే ఏర్పాటుంది. 37వ ఆకారం అంటే 'క', 112వది అంటే 'మ' అని యూనికోడ్ సంకేతాలతో జత చేసి చూపే పట్టిక అది. అది లేకపోయినా చూడటానికీ ప్రింటుకూ ఏ ఆటంకమూ లేదు. కాపీకీ వెతకడానికీ మాత్రం అదే ఆధారం. ఇంగ్లీషులో ఒక ఆకారానికి ఒక అక్షరం, వేసిన వరసే చదివే వరస. పట్టిక సరిగా ఉంటే చాలు, పని సాఫీగా సాగిపోతుంది.

తెలుగు అలా కుదరదు. 'ప్రేమ'ను కంప్యూటర్ దాచుకునే వరస ఇది: ప, పొల్లు, ర, ఏత్వం, మ. అంటే మనం పలికే వరసే. తెరమీదికి తెచ్చేటప్పుడు ఫాంటు దీన్ని తిరగ్గొడుతుంది. ఏత్వం 'ప' నెత్తిన కూర్చోవాలి కాబట్టి ముందు 'పే' ఆకారం, దాని పక్కన క్రావడి, ఆ తర్వాత 'మ'. పీడీఎఫ్‌లోకి వెళ్లేది ఈ రెండో వరస. కాపీ చేసినప్పుడు రీడర్ ఒక్కో ఆకారాన్నీ పట్టికలో చూసి అక్షరాలుగా మారుస్తుంది, కానీ వరస మార్చే అధికారం ఆ పట్టికకు లేదు. ఫలితం: ప, ఏత్వం, పొల్లు, ర, మ. మన పే్రమ పుట్టుక ఇది.

దీన్నిబట్టి ఏ మాట చెడుతుందో, ఏది చెడదో ముందే చెప్పొచ్చు. వత్తు ఉండి, దాని తల్లి అక్షరానికి తలకట్టు మాత్రమే ఉంటే ఏమీ కాదు, తారుమారు కావడానికి అక్కడ వేరే గుర్తు లేదు గనక. వత్తుతో పాటు గుడో, దీర్ఘమో, ఏత్వమో ఉంటే చెడుతుంది. అంచేత ప్రజలకేం కాదు, ప్రేమే చెడుతుంది. భర్త నిక్షేపంగా ఉంటాడు, స్త్రీకే ఇబ్బంది. వ్యాకరణానికి ఇందులో పక్షపాతం ఏమీ లేదని మనవి.

ఈ రోగానికి మందు కూడా రోగలక్షణంలోనే ఉంది. తెలుగు రాతలో గుణింతపు గుర్తు వెనకాలే పొల్లు రావడమన్నది జరగదు. కాబట్టి ఎక్కడైనా అలా వస్తే అది పీడీఎఫ్ చేసిన నిర్వాకమేనని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. గుర్తును పట్టుకెళ్లి ఆ వెనక ఉన్న వత్తులన్నిటి తర్వాత పెడితే మాట బాగుపడుతుంది. సీ్త్రలో గుడిదీర్ఘాన్ని త వత్తునూ ర వత్తునూ దాటించి పెట్టండి, స్త్రీ వచ్చేస్తుంది. ప్రోగ్రామింగ్ తెలిసిన పిల్లలు ఒకే ఒక్క వెతుకు-మార్చు సూత్రంతో వేల పేజీల్ని ఇలా సరిచేయగలరు. అసలు చెడకుండా ఉండే దారి కూడా ప్రమాణంలో ఉంది. ఆకారాల గుంపు పక్కనే 'దీని అసలు పాఠం ఇది' అని మొత్తం మాటను రాసిపెట్టొచ్చు. పీడీఎఫ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో కొన్ని ఆ పని చేస్తాయి, కొన్ని చేయవు. చేసేదేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఫైలు తయారు కాగానే అందులో 'ప్రేమ'నో 'స్త్రీ'నో వెతికి చూడటమే.

మొదట చెప్పిన టోపీల అక్షరాల జబ్బు దీనికన్నా పాతది, మొండిది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయితే మామూలు కంప్యూటర్లో తెలుగు చక్కగా కనబడటానికి 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. అచ్చు పని అంతకాలం ఆగదు కదా. అను, శ్రీలిపి వంటి ఫాంట్లు ఒక ఉపాయం పన్నాయి. ఆనాటి ఫాంటులో ఉన్నవి 256 గదులు, అవి ఇంగ్లీషూ యూరప్ భాషల అక్షరాలవి. వాటిని ఖాళీ చేయించి తెలుగు ముక్కల్ని కాపురం పెట్టారు. గుణింతాలూ వత్తులూ కలిపితే తెలుగు ఆకారాలు 256లో ఎక్కడ పడతాయి? అందుకని తలకట్టు విడిగా, గుడి విడిగా, వత్తు విడిగా ముక్కలు చేసి, ఆపరేటరు వాటిని పేర్చుకుంటూ పోయేలా ఏర్పాటు చేశారు. కంప్యూటరు దృష్టిలో మాత్రం అవి ఇంకా ఆ యూరప్ అక్షరాలే.

కనక అను ఫాంటుతో చేసిన పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే గందరగోళం వచ్చిందని పీడీఎఫ్‌ను తిట్టుకోవడం అన్యాయం. లోపల నిజంగా ఉన్నదాన్నే అది నిజాయితీగా చేతిలో పెట్టింది. దాన్ని తెలుగులోకి తిప్పాలంటే ఆ ఫాంటులో ఏ గదిలో ఏ ముక్క ఉందో తెలిసిన మార్పిడి పట్టిక కావాలి. అనుకు ఒకటి, శ్రీలిపికి ఇంకొకటి. అలాంటి కన్వర్టర్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి, పనిచేస్తాయి కూడా. తర్వాత ప్రూఫు దిద్దుకునే ఓపిక ఉండాలి, అంతే. తెలుగు అచ్చు ప్రపంచం ఇరవై ఏళ్లకు పైగా ఈ గదుల్లోనే పనిచేసింది. ఆ కాలంలో వచ్చిన పుస్తకాలూ పత్రికలూ ఎన్నో పీడీఎఫ్‌లుగా నెట్‌లో ఉన్నా, గూగుల్ కంట పడనిది అందుకే. చూపులేని పాఠకులకు నష్టం ఇంకా ఎక్కువ. తెర చదివే సాఫ్ట్‌వేర్ ఆ ఫైలు తెరిచి, తెలుగు కథకు బదులు అర్థంలేని యూరప్ అక్షరాల్ని పొల్లుపోకుండా వినిపిస్తుంది.

కాగితం మీదికి

ప్రింటింగ్ విషయంలో పీడీఎఫ్ తన మాట చాలావరకు నిలబెట్టుకుంది. వర్డ్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని షాపుకెళితే, మన ఫాంటు వాళ్ల కంప్యూటర్లో లేక తెలుగంతా డబ్బాలుగా మారడం అనుభవమే. పీడీఎఫ్ తన ఫాంటును తనతోనే తెచ్చుకుంటుంది. మొత్తం ఫాంటును మోయకుండా, వాడిన ఆకారాలు మాత్రమే ఏరుకుని మూట కట్టుకుంటుంది. పీడీఎఫ్‌ను తెరిచి ఒక అక్షరం దిద్దబోతే కొన్నిసార్లు కుదరకపోవడానికి ఒక కారణం ఇది. మీరు కొత్తగా పెట్టదలచిన 'ఝ' ఆ మూటలో ఉండకపోవచ్చు.

ప్రింటరు చేరాక ఈ ఆజ్ఞలన్నీ చుక్కలవుతాయి. అంగుళానికి 600 చుక్కల ప్రింటరులో ఒక ఏ4 పేజీ అంటే దాదాపు మూడున్నర కోట్ల చుక్కలు. ఏ చుక్క నలుపు, ఏది తెలుపు అని తేల్చాకే డ్రమ్ తిరుగుతుంది. గీతల బొమ్మలూ పారదర్శకమైన రంగులూ ఎక్కువున్న పేజీ దగ్గర ప్రింటరు ఆలోచనలో పడ్డట్టు ఆగిపోయేది ఈ లెక్క తెగకనే. అలాంటప్పుడు సెట్టింగుల్లో 'ప్రింట్ యాజ్ ఇమేజ్' ఎంచుకుంటే ఆ లెక్క కంప్యూటరే చేసి పెడుతుంది.

'ఫిట్', 'యాక్చువల్ సైజ్' అనే రెండు మాటల దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. అమెరికాలో వాడే లెటర్ కాగితం మన ఏ4 కన్నా 6 మిల్లీమీటర్లు వెడల్పెక్కువ, 18 మిల్లీమీటర్లు పొడవు తక్కువ. అక్కడి యూనివర్సిటీ పంపిన ఐ-20 ఫారం అసలు సైజులోనే కొడితే అంచులు తెగే ప్రమాదం ఉంది కాబట్టి 'ఫిట్' పెట్టడమే మేలు. ఇంటి ప్లానుకు ఇదే సలహా చెబితే కొంప మునుగుతుంది. స్కేలు ప్రకారం గీసిన ప్లానును 'ఫిట్' 96 శాతానికి కుదించిందనుకుందాం. కాగితం మీద స్కేలు పెట్టి కొలిస్తే 10 అడుగుల గది 9.6 అడుగులు. విస్తీర్ణంలో తేడా రెండు వైపులా కలిసి 8 శాతం దగ్గరికి వస్తుంది, 200 గజాల స్థలం 184 గజాలు చూపిస్తుంది. జాకెట్టు కటింగ్ పేటర్నుకూ ఇదే లెక్క. అలాంటి వాటికి 'యాక్చువల్ సైజ్' తప్ప వేరే ఆలోచన వద్దు.

కాగితం నుంచి మళ్లీ ఫైలుకు వెళ్లే దారిలో ఇంతకన్నా భయంకరమైన సంగతి ఒకటి 2013లో బయటపడింది. డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక భవనం ప్లానును జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రంలో స్కాన్ చేసిన ఫలితాన్ని పరిశీలించారు. అసలు ప్లానులో మూడు గదుల విస్తీర్ణాలు 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. స్కాన్‌లో మూడూ 14.13 అయ్యాయి. మసకబారలేదు, చెరిగిపోలేదు. స్పష్టంగా, నీటుగా, తప్పుగా ఉన్నాయి.

కారణం జేబిగ్2 అనే కుదింపు పద్ధతి. పేజీలో ఒకేలా కనబడే ముక్కల్ని అది గుర్తుపట్టి, ఒకదాన్ని దాచుకుని మిగతా చోట్లా దాన్నే అతికిస్తుంది, ఫైలు చిన్నదవుతుంది. 'ఒకేలా ఉన్నాయి' అనే తీర్పులో కాస్త ఉదారంగా ఉంటే చిన్న అక్షరాల్లో 6 స్థానంలో 8 వచ్చి కూర్చుంటుంది. కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్ సవరణ విడుదల చేసింది. మసక కాపీని మనం అనుమానిస్తాం, మెరిసే కాపీని నమ్ముతాం. పాస్‌బుక్కులో సర్వే నంబరు 168 కాస్తా 188 అయితే ఏమవుతుందో మన ప్రాంతంలో ఎవరికీ వివరించక్కర్లేదు.

తాళాలు, ముసుగులు

పీడీఎఫ్‌కు రెండు రకాల పాస్‌వర్డులుంటాయి. ఫైలు తెరవడానికే అడిగేది మొదటిది. ఈ-ఆధార్ ఫైలుకు ఉండేది అదే. పాస్‌వర్డు లేనిదే లోపలి సమాచారం ఎవరికీ అర్థంకాని సంకేతాల కుప్ప. అయితే ఆ పాస్‌వర్డు సూత్రం, పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలూ పుట్టిన సంవత్సరమూ అని, దేశమంతటికీ తెలుసు. మీ పేరూ పుట్టిన ఏడూ తెలిసినవాడికి ఆ తాళం ఒక లెక్కకాదు.

రెండో పాస్‌వర్డు చిత్రమైనది. ఫైలు ఎవరైనా తెరవచ్చు, ప్రింటు మాత్రం తీయకూడదు, కాపీ చేయకూడదు అని యజమాని పెట్టే ఆంక్ష అది. ఇంటికి తాళం వేసి, తాళంచెవి గుమ్మానికే తగిలించి, వచ్చినవాళ్లు పెరట్లోకి వెళ్లరాదని బోర్డు పెట్టినట్టు ఉంటుంది వ్యవహారం. ఎందుకంటే పేజీని తెరమీద చూపాలంటే రీడర్ దాన్ని విప్పి తీరాలి. విప్పాక ప్రింటు తీయాలా వద్దా అన్నది ఫైలులో ఉన్న ఒక చిన్న గుర్తును గౌరవించడం మీద ఆధారపడుతుంది. మర్యాదస్తుడైన రీడర్ గౌరవిస్తుంది. ఆ గుర్తును చూడనట్టు నటించే సాఫ్ట్‌వేర్ రాయడం కష్టమేం కాదు. 2001 జులైలో దిమిత్రీ స్క్లారోవ్ అనే రష్యన్ ప్రోగ్రామర్‌ను అమెరికాలోని లాస్ వేగస్‌లో అరెస్టు చేశారు. అడోబీ ఈ-బుక్కుల ఆంక్షల్ని తొలగించే సాఫ్ట్‌వేర్ రాయడం ఆయన మీద మోపిన నేరం. చివరికి కేసు ఆయన పనిచేసే ఎల్కమ్‌సాఫ్ట్ కంపెనీ మీద నడిచి, 2002 డిసెంబరులో జ్యూరీ నిర్దోషిగా తేల్చింది. మన కాపీరైట్ చట్టంలోకీ 2012 సవరణతో ఇలాంటి నిబంధన వచ్చింది. హక్కుల్ని ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు. ఉద్దేశం అన్న మాట అక్కడ ముఖ్యం. నా మటుకు నాకు, చదవనిస్తూనే కాపీ చేయనివ్వని తాళంతో దొంగ ఆగడు, నోట్సు రాసుకునే విద్యార్థే ఆగిపోతాడు అనిపిస్తుంది.

దాచాలనుకున్నవాళ్లు బోర్లాపడే సందర్భం ఇంకొకటుంది. పేరో నంబరో కనబడకుండా దానిమీద నల్లటి డబ్బా గీయడం. కాగితం మీద అది దాచడమే. పీడీఎఫ్‌లో అది 'ఈ ఆకారాలు వెయ్యి, తర్వాత దానిమీద ఒక నల్ల దీర్ఘచతురస్రం వెయ్యి' అన్న ఇంకో ఆజ్ఞ మాత్రమే. కింది ఆకారాలు చెక్కుచెదరవు, కాపీ చేస్తే చక్కగా వచ్చేస్తాయి. డొనాల్డ్ ట్రంప్ మాజీ ప్రచార సారథి పాల్ మానఫోర్ట్ తరఫు లాయర్లు 2019 జనవరిలో కోర్టుకు ఇచ్చిన పత్రంలో సరిగ్గా ఇదే జరిగింది. నల్లపట్టీల కింది వాక్యాల్ని విలేకర్లు కాపీ చేసి చదివేశారు. ఆధార్ నంబరు దాచి ఎవరికైనా ఫైలు పంపాలంటే 'మాస్క్‌డ్ ఆధార్' దించుకోవడం మంచిది. అది దొరకనప్పుడు, నల్లడబ్బా గీసిన పేజీని ప్రింటు తీసి మళ్లీ స్కాన్ చేయడం మోటు పద్ధతే అయినా పనిచేస్తుంది. కింది అక్షరాలు అప్పుడు నిజంగానే పోతాయి.

ప్రింటు తీస్తే పోయేవి మంచివీ ఉన్నాయి. ఈ-ఆధార్ మీద ప్రశ్నార్థకంతో పసుపుపచ్చగా కనబడే డిజిటల్ సంతకం ఫైలులోని బైట్లకు కట్టిన ముడి. ఫైలులో ఒక్క బైటు మారినా రీడర్ పట్టేస్తుంది. కాగితం మీద అదొక బొమ్మ, పరీక్షించడానికి అందులో ఏమీ ఉండదు.

అదృశ్య అక్షరాలు

ఇక ఎంత నొక్కినా సెలెక్ట్ కాని ఫైళ్లు. వాటిలో అక్షరాల ఆకారాలు కూడా లేవు. పేజీకొక ఫొటో ఉంది, అంతే. పాత జీవోలు, కోర్టు కాగితాలు, స్కాన్ చేసిన పుస్తకాలు ఈ కోవలోవి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి చొరవతో నడిచిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో, దాని భారతీయ శాఖ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకాలు వేలకొద్దీ స్కాన్ అయ్యాయి. వాటిలో చాలా భాగం ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. దొరకని పుస్తకం చదువుకోవడానికి దొరికింది, సంతోషమే. అందులో ఒక మాట వెతకాలంటే ఆ ఫొటోల్లోని అక్షరాల్ని యంత్రం గుర్తుపట్టాలి. ఓసీఆర్ అంటున్నది దాన్నే.

ఓసీఆర్ చేసిన పీడీఎఫ్‌లో ఒక చమత్కారం ఉంది. మనకు కనబడేది పాత ఫొటోనే. దాని మీద, సరిగ్గా అదే స్థానాల్లో, గుర్తుపట్టిన అక్షరాల్ని 'వెయ్యి, కానీ కనబడనివ్వకు' అన్న ఆజ్ఞతో పరుస్తారు. మనం వేలితో సెలెక్ట్ చేసేది ఆ అదృశ్య అక్షరాల్ని. కంటికి ఒక పాఠం, వేలికి ఒక పాఠం. ఇందాకటి జేబిగ్2 లాంటి కుదింపు వేలు పెట్టనంతవరకు ఫొటోలో ఉన్నది ఒప్పే. వేలికి తగిలేది మాత్రం యంత్రం ఊహ.

తెలుగు ఊహించడం యంత్రాలకు ఒకప్పుడు గగనంగా ఉండేది. హెచ్‌పీ కంపెనీలో పుట్టి 2005లో అందరికీ తెరిచిన టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ 2018లో నాలుగో వెర్షన్‌తో నాడీజాల పద్ధతికి మారాక, పరిస్థితి బాగా మెరుగైంది. గూగుల్ ఓసీఆర్ సాయంతో తెలుగు వికీసోర్స్‌లో ఔత్సాహికులు పుస్తకాల్ని పేజీ తర్వాత పేజీ దిద్దుతున్నారు. అయినా పాత సీసపు అచ్చులో సిరా కాస్త పలికీ పలకనట్టు ఉన్నచోట ప, వ, ష ఒకదానికొకటి వేషం మార్చుకుంటాయి. థ, ధల మధ్య తేడా కడుపులోని ఒక చుక్క. మాసిన కాగితం మీద చుక్కేదో, మరకేదో చెప్పడం మనిషికే కష్టం. పాత పుస్తకంలో కచ్చితంగా ఉందని తెలిసిన మాట వెతికినా దొరకకపోతే పుస్తకాన్ని అనుమానించే ముందు యంత్రం తప్పులకు తగ్గట్టు వెతకండి. 'ధర్మం' దొరకలేదా, 'థర్మం' అని కొట్టి చూడండి. అలా రాసేవాళ్లు మనుషుల్లోనూ తక్కువేం లేరు కాబట్టి ఫలితాలు రెండు విధాలా వస్తాయి.